తల్లిగారి తొవ్వల బిగుసుకునే బండి

ఉమారాణి పదమూడేళ్ల వయసులోనే ట్రాక్టర్ నడిపింది. హాలియా పక్కన, సాగర్ కాలువ కింద వాళ్ల ఊరు. నాట్ల కాలంలో వాళ్ల నాయిన పొద్దంతా దున్ని దున్ని అలసిపోయి ఒడ్డు మీద కూలబడితే, ఆమె సీటెక్కి మిగిలిన మడి తనే తిప్పేది. కూర్చుంటే కాళ్లు అందవు కాబట్టి నిలబడే నడిపేది. బురదలో చక్రాలు ఎటు జారుతున్నాయో కళ్లకన్నా ముందు చేతులకు తెలిసేది. ఆడపిల్లకు ట్రాక్టరేందని ఊళ్లో ఒకరిద్దరు అన్నారు గానీ, ఆమె దున్నిన మడి ఎంత సాపుగా ఉందో చూశాక వాళ్లే తమ పొలానికీ పంపమని నాయినను అడిగారు.

ఇరవై ఏళ్లకు దేవరకొండ దిక్కు కోడలై పోయింది. అత్తగారిది గొర్ల మంద ఉన్న ఇల్లు. గుట్టలు, తుమ్మ చెట్లు, వాన పడితేనే పచ్చబడే చెలకలు. వాన ఎంత పెద్దది పడ్డా గడియలో నీళ్లన్నీ వాగులోకి జారిపోయి తొవ్వలు మళ్లీ తెల్లగా ఆరిపోయేవి. మామ కురుమయ్యకు రెండు వందల గొర్లు. ఉమారాణి భర్త పరమేష్ పెద్ద కొడుకు, సంతల్లో పొట్టేళ్ల బేరం అతనిది. చిన్న కొడుకు మంద వెంట తిరిగేవాడు. ఆ చిన్న కొడుకు భార్య కరుణ. ఇంటి పెత్తనమంతా అత్త గోపమ్మది. పొద్దున ఎవరు ఎటు పోవాలో, పొయ్యి మీద ఏం ఎక్కాలో ఆమె నోటి నుంచి రావలసిందే.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు పరమేష్ ఒక ఏడు సీట్ల డీజిల్ బండి కొన్నాడు. అప్పటికే ఒకరి చేతిలో ఏడేళ్లు తిరిగిన బండి. పొట్టేలు కొమ్ములు పట్టుకుంటే ఎంత బెదిరినదైనా వంగేది గానీ, స్టీరింగ్ మాత్రం పరమేష్ మాట వినలేదు. మూడో రోజే బండిని కంచెలోకి దింపి, అటు చూడకుండా తాళంచెవి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఉమారాణి దేవరకొండలో లైసెన్సు తీసుకుంది. కోడలు నడిపే బండి తను ఎక్కనని గోపమ్మ వారం రోజులు పట్టుబట్టింది. ఎనిమిదో రోజు కురుమూర్తి జాతరకు పోవాలి, డ్రైవర్ దొరకలేదు. పోయేటప్పుడు వెనక సీట్లో కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంది. వచ్చేటప్పుడు ముందు సీటెక్కింది. ఆ రోజు నుంచి ఆ సీటు ఆమెదే. ఏసీ లేకపోతే కడుపులో తిప్పుతుందని ఆమె ఎక్కగానే అద్దాలన్నీ మూసేయాలి. బండిలో కూర్చున్నంతసేపూ తొవ్వ పొడుగునా కనిపించిన ప్రతి చెలక ఎవరిదో, ఎవరి నుంచి ఎవరికి పోయిందో చెబుతూనే ఉంటుంది.

అట్లా ఆరేళ్లు ఆ బండి ఏ తకరారూ లేకుండా నడిచింది. యాదగిరిగుట్ట మీదికి ఎక్కింది, పెళ్లిళ్లకు పోయింది, జబ్బు చేసిన గొర్లను పశువుల దవాఖానకు మోసింది. ఉమారాణి బిడ్డలు మనస్విని, హరిత అందులోనే నిద్రపోతూ పెరిగారు.

మొదటిసారి స్టీరింగ్ బిగుసుకున్నది ఒక వానాకాలంలో, సరిగ్గా ఉమారాణి తల్లిగారి ఊళ్లో. బడి దగ్గర మూల తిరగాలి. చక్రం తిప్పబోతే రాయిలా ఉంది. ఎవరో కింద నుంచి పట్టుకుని లాగినట్టుంది. రెండు చేతులూ వేసి, సీటు మీది నుంచి సగం లేచి, పాత ట్రాక్టర్ తిప్పినట్టు తిప్పింది. ఇంటి ముందు ఆపేసరికి భుజాలు పీకుతున్నాయి. గంట తర్వాత చూస్తే ఏమీ జరగనట్టు ఒక్క వేలితో తిరుగుతోంది.

రెండోసారి బతుకమ్మ పండుగకు. అదే ఊరు. మూడోసారి నడి ఎండాకాలం, వాళ్ల అన్న నాగరాజు ఇంటి నుంచి బయలుదేరుతుంటే. చుట్టాలంతా వాకిట్లో నిలబడి చేతులూపుతున్నారు. బండి సందులో అడ్డం పడి, ముందుకూ పోలేక వెనక్కూ రాలేక, పక్కింటి వాళ్ల గోడకు రాసుకుని ఆగిపోయింది.

దేవరకొండలో పరశురాములు అనే పెద్ద మేస్త్రీ ఉన్నాడు. ముప్పై ఏళ్ల నుంచి అదే షెడ్డు. మూడుసార్లు ఉమారాణి అతని దగ్గరికి తీసుకుపోయింది. మూడుసార్లూ అతను సీట్లో కూర్చుని చక్రం అటూ ఇటూ తిప్పి, “బాగనే ఉన్నది గద చెల్లె, ఒక్క ఏలుతోని తిరుగుతాంది” అన్నాడు. ఆయిల్ చూశాడు, తగ్గిందేమోనని కొంచెం పోశాడు, చాయ్ తెప్పించి తాగించి పంపాడు. నల్గొండలో ఇంకొకతను స్టీరింగ్ పంపు పోయిందన్నాడు. పంపు మార్చారు. మార్చిన నెలకు మళ్లీ హాలియా పోతే మళ్లీ బిగుసుకుంది. పరమేష్ దోస్తు ఒకడు దిష్టి తగిలిందని నిమ్మకాయలు, మిరపకాయలు దండ గుచ్చి ముందు కట్టాడు. అవి ఎండి రాలిపోయాయి గానీ జబ్బు పోలేదు.

ఒకరోజు అందరూ అన్నం తింటుండగా గోపమ్మ అన్నది.

“దానికి నీ తల్లిగారిల్లంటే పడ్తలేదే రాణీ.”

అందరూ నవ్వారు. ఉమారాణి కూడా నవ్వింది. గోపమ్మ మనసులో పెట్టుకుని అన్న మాట కాదది, నోటికి వచ్చింది అనేసింది. కానీ ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. గుట్టకు పోదామంటే బండి, జాతరకు బండి, హాలియా అనగానే పరమేష్ బస్సు టైము చూసేవాడు. రెండుసార్లు ఉమారాణి బిడ్డలిద్దరినీ తీసుకుని బస్సులోనే పోయివచ్చింది. బస్సులో తప్పేమీ లేదు. కిటికీ పక్కన కూర్చుని చల్లగాలికి కునుకు కూడా తీసింది. అయినా బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని తల్లి ఇంటి వైపు నడుస్తుంటే, తన చేతులేవో ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చినట్టు ఉండేది.

శ్రావణంలో అన్న పెద్ద బిడ్డకు చీర కట్టించే ఫంక్షన్ పెట్టారు. నాగరాజు స్వయంగా వచ్చి అత్తామామలకు బొట్టు పెట్టి అందరినీ పిలిచిపోయాడు. అంతమంది బస్సులో ఎట్లా అని పరమేష్ ఆలోచించి, డ్రైవర్‌తో సహా ఒక కిరాయి కారు మాట్లాడదామన్నాడు. ఉమారాణి గిన్నెలు తోముతూ ఉండిపోయింది. ఇంటి ముందు బండి ఉండగా, నడిపే చేతులు ఉండగా, తన మేనకోడలి ఫంక్షన్‌కు ఎవరో నడిపే కారులో వెనక కూర్చుని పోవడం ఆమెకు మింగుడు పడలేదు.

ఆ వారంలోనే సాయంత్రం పూట మంద ఇంటికి వచ్చేసరికి రెండు గొర్లు కడుపు ఉబ్బి నడవలేకపోతున్నాయి. చిన్న కొడుకు గాబరాగా ఏదో రోగం పేరు చెబుతున్నాడు. కురుమయ్య గొర్రె కడుపు మీద చెయ్యి వేసి, కొడుకు మాటకు అడ్డం వచ్చాడు.

“రోగమేందో ఎన్కకు సూద్దాం. ముందుగాల యియ్యాల ఇవి యాడ నీళ్లు తాగినయో చెప్పు.”

కొడుకు ఒక్కొక్క చోటూ చెప్పుకొచ్చాడు. క్వారీ గుంతలో తాగాయనగానే కురుమయ్య తల ఊపి, ఇక అటు తోలవద్దన్నాడు. ఏవో ఆకులు నూరి తాగించారు. పొద్దు గూకేసరికి గొర్లు తేరుకున్నాయి.

చాయ్ గ్లాసులు పట్టుకుని దొడ్డి దగ్గర నిలబడ్డ ఉమారాణి మాత్రం కదల్లేదు. మామ అడిగిన ప్రశ్న బండిని కూడా అడగొచ్చు కదా అనిపించింది. అది యాడ నీళ్లు తాగింది? మొదటిసారి, పెద్ద వాన. రెండోసారి బతుకమ్మకు వాన లేదు గానీ, పొలాల నీళ్లు తొవ్వ మీదికి ఎక్కాయి, చక్రాలు సగం మునిగేంత నీళ్లలో నుంచి బండి పోయింది. అత్తగారి దిక్కు తొవ్వల మీద నీళ్లు నిలవవు. తల్లిగారి దిక్కు ఆరవు. ఇంతవరకు సరిపోయింది. కానీ మూడోసారి నడి ఎండాకాలం. ఆకాశంలో మబ్బు తునక లేదు. అక్కడ లెక్క తెగలేదు. రెండు రోజులు ఆమె పిండి పిసుకుతూ, పిల్లలకు జడలు వేస్తూ అదే తలుచుకుంది.

మూడో రోజు ఏ చీర పెట్టాలో అడుగుదామని అన్నకు ఫోన్ చేసింది. మాట మాటలో నాగరాజు అన్నాడు, “మీ బండి ఏస్కొనే రాండ్రి. ఎప్పటి లెక్క అద్దం తీరు కడిగి పంపుత.”

ఉమారాణి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నవ్వడం మొదలుపెట్టింది. చెల్లె వచ్చినప్పుడల్లా నాగరాజుకు అదొక మర్యాద. బోరు మోటారు పైపు పెట్టి బండి మీదా కిందా, చక్రాల సందుల్లో, ఇంజన్ అడుగున అంతా బురద పోయేదాకా నీళ్లు కొడతాడు. ఎండాకాలం కూడా కొట్టాడు. ఎందుకు నవ్వుతున్నావని అన్న అడుగుతూనే ఉన్నాడు.

నీళ్లేనని తేలింది. కానీ నీళ్లొక్కటే సరిపోతుందా? మంద దగ్గరికి వానలో ఒక్కతే పోయివచ్చినప్పుడు ఎన్నడూ బిగుసుకోలేదు. తల్లిగారింటికి పోయినప్పుడు బండి నిండా మనుషులుంటారు, అద్దాలు మూసి ఉంటాయి, ఏసీ నడుస్తుంటుంది. మేస్త్రీ దగ్గరికి మాత్రం తను ఒక్కతే, అద్దాలు దించుకుని, ఎండలో పొడి బండి తీసుకుపోయింది. వీటిలో ఏది అసలు కారణమో ఆమెకు తెలియదు. తెలియదు కాబట్టి ఒక్కదాన్ని కూడా విడిచిపెట్టకూడదు అనుకుంది.

రాత్రి అన్నాల దగ్గర, రేపు అందరం దేవరకొండ పోవాలని చెప్పింది. ఏ గుడికని అత్త అడిగింది. పరశురాములు షెడ్డుకని కోడలు చెప్పింది.

“బండి బాగు చేపియ్యనీకి నేనెందుకే?” అన్నది గోపమ్మ.

“నువ్వు ఎక్కకుండ అది ఎన్నడన్న బిగుసుకున్నదా అత్తా?”

గోపమ్మ ఇందులో తనకేదో గౌరవం ఉందనే తేల్చుకుంది. తెల్లారి జరీ అంచు చీర కట్టుకుని తయారైంది. కురుమయ్య కొత్త రుమాలు చుట్టుకుని చేతికర్రతో ఎక్కాడు. పరమేష్, మనస్విని, హరిత, ఏడాది పిల్లను ఒళ్లో పెట్టుకుని కరుణ. చిన్న కొడుకు ఒక్కడు మంద దగ్గర ఉండిపోయాడు. ఫంక్షన్‌కు పోయినా అతను అక్కడే ఉంటాడు కాబట్టి అది కూడా లెక్క ప్రకారమే అయింది.

పరశురాములు షెడ్డు పక్కనే బండ్లు కడిగే జాగా ఉంది. ఉమారాణి ముందు అక్కడ ఆపింది. లోపల ఎవరూ దిగకుండానే, కింద నుంచి గట్టిగా నీళ్లు కొట్టమని కడిగే అతనికి చెప్పింది. ఎనిమిది మంది మూసిన అద్దాల్లో నుంచి తనను చూస్తుంటే అతను పైపు పట్టుకుని కాసేపు తటపటాయించి, సరే అని కొట్టాడు. అడుగున నీళ్లు దడదడా తగులుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. కరుణ ఒళ్లోని పిల్ల కిటికీ మీది ధారలను పట్టుకోబోయి అద్దాన్ని కొట్టింది. గోపమ్మ ఏసీ ఇంకొంచెం పెంచమన్నది.

నీళ్లు కారుతున్న బండి షెడ్డు ముందు ఆగింది. పరశురాములు బయటికి వచ్చి, లోపలి జనాన్ని చూసి, ఎవరింట్లో పెళ్లని అడిగాడు. ఉమారాణి విషయం చెప్పి, ఎవరినీ దిగనివ్వకుండా తను మధ్య సీట్లోకి ఇరుక్కుని, డ్రైవర్ సీటు అతనికి ఇచ్చింది. అతను నవ్వుతూనే ఎక్కాడు. అలవాటుగా ఒక్క వేలు పెట్టాడు. తర్వాత చెయ్యి పెట్టాడు. తర్వాత రెండు చేతులూ పెట్టి పళ్లు బిగించాడు. బండి మెల్లగా రోడ్డు మీదికి సగం తిరిగి, అడ్డంగా నిలబడిపోయింది. అటు నుంచి వచ్చిన బస్సు హారన్ మోగించింది.

“బిగుసుకున్నదా?” అని గోపమ్మ పక్క సీట్లో నుంచి వంగి ఆత్రంగా అడిగింది.

“బిగుసుకున్నది తల్లీ” అన్నాడు పరశురాములు చెమట తుడుచుకుంటూ.

బండిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. మనస్విని, హరిత సీట్ల మీద ఎగిరారు. పరమేష్ తన భార్య భుజం తట్టాడు. రెండేళ్లుగా దొరకని దొంగ దొరికినట్టయింది. పరశురాములు మాత్రం నవ్వలేదు. చెయ్యి ఎత్తి, “జర అందరు ఒక్క నిమిషం సప్పుడు చెయ్యకుండ్రి” అన్నాడు. గోపమ్మతో సహా అందరూ మాట ఆపారు. ఆ బండిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. అప్పుడు అందరికీ వినబడింది. చక్రం తిప్పినప్పుడల్లా ఇంజన్ లోపల నుంచి సన్నగా, పిల్లి కూన ఏడ్చినట్టు ఒక కీచు చప్పుడు.

నలుగురు పట్టి బండిని షెడ్డులోకి నెట్టారు. పరశురాములు ముందు భాగం పైకి తెరిచి చూశాడు, తర్వాత అడుగుకు దూరాడు. కింద నుంచే అడిగాడు.

“దీని కింద రేకేది?”

ఎవరికీ అర్థం కాలేదు. అతను బయటికి వచ్చి చెప్పాడు. ఇంజన్ అడుగున ఒక ఇనుప రేకు ఉండాలి. తొవ్వ మీది నీళ్లు పైకి చిమ్మకుండా అది ఆపుతుంది. అది లేక నీళ్లు నేరుగా బెల్టు మీద పడుతున్నాయి. స్టీరింగ్ పంపును తిప్పేదీ, ఏసీని తిప్పేదీ ఆ ఒక్క బెల్టే. అది అరిగి అద్దంలా నున్నగా అయింది. తడిస్తే జారుతుంది. ఏసీ వేసి, బరువెక్కిన బండిని మెల్లగా మూల తిప్పినప్పుడు ఇంకా జారుతుంది. ఆరగానే మళ్లీ పట్టుకుంటుంది. పంపు మార్చినవాడు పాత బెల్టే మళ్లీ ఎక్కించాడు. ఇంత చెప్పి, అతను మళ్లీ అడిగాడు, ఇంతకూ ఆ రేకు ఏమైందని.

పరమేష్ తల గోక్కున్నాడు. నాలుగేళ్ల కింద ఎక్కడో ఆయిల్ మార్చినప్పుడు నట్టు విరిగితే విప్పి వెనక పడేశారని, ఇంటికి తెచ్చాడని గుర్తు. ఆ తర్వాత గుర్తు లేదు. కురుమయ్య చేతికర్ర చివరను చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. అందరి చూపులూ ఒక్కొక్కటిగా ఆయన మీదికి పోయాయి.

“గా రేకుల గొర్రెపిల్లలకు తవుడు పెడుతున్న” అన్నాడు చివరికి. “నాలుగు దిక్కులు వంపు తిరిగి తట్ట లెక్క మంచిగున్నది.”

మొదట కరుణ నవ్వింది. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. గోపమ్మ స్టూలు మీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వింది. నవ్వు కాస్త తగ్గాక కోడలిని దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుంది.

“నీ తల్లిగారింటిది తప్పేం లేదే రాణీ. తప్పంత నా పెనిమిటిది.”

ఉమారాణికి కళ్లలో నీళ్లు వచ్చాయి. అవి నవ్వి నవ్వి వచ్చినవని చెప్పుకోవడానికి ఆ క్షణంలో చాలా వీలుగా ఉంది.

పరశురాములు కొత్త బెల్టు వేశాడు. ముప్పై ఏళ్ల నుంచి రిపేర్లు చేస్తున్నానని, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొచ్చి బండి రోగం చూపించిన మనిషిని ఇదే చూడడమని అన్నాడు. మూడుసార్లు వచ్చినా తను పట్టుకోలేకపోయినందుకు సిగ్గుగా ఉందని కూడా అన్నాడు. ఆ రోజు చాయ్‌తో పాటు మిర్చీలు కూడా తెప్పించాడు. మర్నాడు పరమేష్ రేకును తోమి తీసుకుపోతే, కొత్త నట్లు వేసి దాన్ని దాని చోట బిగించాడు. గొర్రెపిల్లలకు ప్లాస్టిక్ తట్ట వచ్చింది. వాటికి ఆ ఎరుపు రంగు నచ్చక రెండు రోజులు దూరంగా నిలబడి అరిచాయని కురుమయ్య చెప్పాడు.

ఫంక్షన్ రోజు తెల్లవారుజాము నుంచే ముసురు. కిరాయి కారు ఊసు ఎవరూ ఎత్తలేదు. కొండమల్లేపల్లి దాటి, కాలువ కింది పొలాల దగ్గరికి వచ్చేసరికి తొవ్వ మీద నీళ్లు అటు నుంచి ఇటు పారుతున్నాయి. బండిలో మాటలు ఆగాయి. ఉమారాణి వేగం తగ్గించి నీళ్లలోకి దింపింది. నీళ్లు రేకుకు తగులుతున్న చప్పుడు డప్పు మీద చినుకుల్లా వినబడింది. అవతలికి ఎక్కి, ఊళ్లోకి పోయి, బడి దగ్గర మూల వచ్చింది. ఆమె చక్రం మీద ఒక చెయ్యి మాత్రమే ఉంచి తిప్పింది. వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగింది. గోపమ్మ ఊపిరి వదిలి, పక్కన కనిపించిన పొలం ఎవరిదని అడిగింది.

తల్లి హనుమమ్మ వాకిట్లోకి వచ్చి బిడ్డను చూసింది. డ్రైవర్ సీట్లో నుంచి దిగిన బిడ్డను. ఆమె మొఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. లోపల మేనకోడలు పట్టుచీరలో, పూలజడ బరువుకు మెడ తిప్పలేక, నవ్వు ఆపుకోలేక కూర్చుని ఉంది. ఉమారాణి ఆ పిల్ల ఒళ్లో చీర, పసుపు కుంకుమలు పెట్టి, అక్షింతలు చల్లి, పక్కనే చతికిలబడి ఫోటోలు దిగింది. గోపమ్మ భోజనాల పందిట్లో కనబడిన వాళ్లందరికీ బండి కథ చెప్పింది. మొదటి బంతిలో చెప్పినప్పుడు తొవ్వ మీద నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. మూడో బంతికి నడుముల దాకా వచ్చాయి. బండి కిందికి దూరి రోగం పట్టింది కూడా తన కోడలేనని చెబుతుంటే ఉమారాణి విని, సరిదిద్దబోయి, మానుకుంది.

తిరిగి వచ్చేముందు కరుణ పిల్లను ఎత్తుకుని ఆమె దగ్గరికి వచ్చింది. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసి, మెల్లగా అడిగింది.

“అక్కా, నాకు గూడ నేర్పుతవా?”

ఆదివారం నాడు ఇద్దరూ దేవరకొండ రోడ్డు మీది వెంచర్ దగ్గరికి పోయారు. చెలకలను ప్లాట్లు చేసి, తెల్ల రాళ్లు పాతి, వెడల్పు రోడ్లు వేసి ఉంచారు. ఇల్లు ఒక్కటీ లేదు, అడ్డం వచ్చే మనిషి లేడు. కరుణ చెప్పులు విడిచి, సీటు ముందుకు జరుపుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని స్టీరింగ్ పట్టుకుంది. రెండుసార్లు బండి ఎగిరి ఆగిపోయింది. మూడోసారి కదిలింది. మొదటి మూల దగ్గర ఎటు తిప్పాలని కరుణ కంగారుగా అడిగింది.

“ఎటన్న తిప్పు, అంత మనదే” అన్నది ఉమారాణి.

కరుణ ఎడమకు తిప్పింది. బండి తెల్ల రాళ్ల మధ్య నుంచి మెల్లగా వంగి, ఇంకొక ఖాళీ రోడ్డులోకి పోయింది.